మేకగుట్ట మీద తల్లిజాడ

మా రోబిద్నా ఊళ్లో పిల్లలకి ముందు నడకొస్తుందా, స్కీలు తొక్కడం వస్తుందా అంటే చెప్పడం కష్టం. మంచు పడిందంటే చాలు, పాలకి వెళ్లేవాళ్లూ చర్చికి వెళ్లేవాళ్లూ కూడా కాళ్లకి ఆ రెండు చెక్కలూ తగిలించుకునే గడప దాటుతారు. అలాంటి ఊరికి కోడలిగా వచ్చి, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా స్కీలు తొడగని మనిషి నివెస్. ఎవరడిగినా "నాకిష్టం లేదు" అని ఒక్క ముక్క చెప్పి తప్పించుకునేది. పైగా ఆ పేరొకటి. ఆమె పుట్టిన సముద్రపు ఒడ్డున ఆడపిల్లలకి పెట్టుకునే పేరది, మంచు అని అర్థం. "పేరు నిండా మంచే, కాలి కింద మాత్రం వద్దంటుంది మహారాణి" అని అత్త తోంచ్కా ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. నివెస్ వినీ విననట్టు ఊరుకునేది.

ఊరుకుంటే గడిచిపోయేదే, తల్లిజాడ అనేది ఒకటి లేకపోతే.

ఫిబ్రవరి మొదట్లో కొవ్వొత్తుల పండుగ వస్తుంది. ఆ ఆదివారం, ఏడో ఏడు నడుస్తున్న పిల్లలందరూ మేకగుట్ట కొసనుంచి మొదటిసారి కిందికి జారాలి. ముందు తల్లి వెళ్తుంది, ఆమె మంచులో వేసిన జాడలో వెనకే బిడ్డ వస్తుంది. తండ్రులకి ఇందులో పనేమీ లేదు. పూర్వం చలికాలమంతా మగవాళ్లు అడవిలో దుంగలు కొడుతూ అక్కడే ఉండిపోతే, పిల్లల్ని బడికీ గుడికీ దించుకొచ్చింది తల్లులే మరి. తల్లి లేని పిల్లలకైతే నానమ్మో మేనత్తో దిగుతారు. తల్లి ఉండగా ఇంకొకరు దిగడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. ఊరంతా గుట్ట కింద చేరుతుంది, అకార్డియన్ మోగుతుంది, బాణలిలో జామ్ కూరిన క్రోఫీలు వేగుతుంటాయి. దిగిన బిడ్డకి మొదటి క్రోఫీ.

ఈసారి నివెస్ కూతురు జీవాకి ఏడో ఏడు.

క్రిస్మస్ పోయి జనవరి వచ్చింది. ఒకనాడు పొద్దున నివెస్ కొట్టంలోంచి చేతులనిండా కట్టెలు తెచ్చుకుని వంటింటి తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. లోపల జీవా గొంతు వినిపించింది.

"నానమ్మా, పండుగ రోజు నాకు గొంతునొప్పి అని చెప్పవా?"

"ఎందుకే? పొద్దున్నుంచీ వాగుతూనే ఉన్నావు, గొంతుకేమొచ్చింది?"

"అమ్మకి రాదు కదా. అందరూ అమ్మని చూసి నవ్వుతారు. నాకు ఒంట్లో బాగాలేదంటే ఎవరూ నవ్వరు."

తోంచ్కా చేతిలోని గరిటె చప్పుడు ఆగింది. "మరి నీకు దిగాలని లేదా, బంగారం?"

"ఉంది. కానీ భయం కూడా ఉంది. అమ్మకే అంత భయమంటే అక్కడ ఏదో ఉండే ఉంటుంది కదా నానమ్మా. అమ్మకి అన్నీ తెలుసు."

నివెస్‌కి తల కొట్టేసినట్టయింది. ఇష్టం లేదు, ఇష్టం లేదు అని ఊరందరినీ నమ్మించింది. మొగుణ్ణి నమ్మించింది. ఏడేళ్ల పిల్లని మాత్రం నమ్మించలేకపోయింది. తన భయం తనతోనే పోతుందనుకుంది. అది చడీచప్పుడు లేకుండా వెళ్లి బిడ్డ గుండెల్లో చేరిందని ఇప్పుడే తెలిసింది. పండుగ ఏమైపోతేనేం, ఊరు ఏమనుకుంటేనేం. ఆ భయాన్ని పిల్లలోంచి బయటికి లాగాలి, అంతే. కట్టెలు గోడవారన దింపి, మళ్లీ కొట్టంలోకి వెళ్లి, ఆవు పక్కన కూర్చుని ఏడ్చింది.

మొగుడు గాష్పెర్‌ని అడగొచ్చు కదా అంటారేమో. చలికాలంలో గాష్పెర్ మొహం చూడాలంటే రోడ్డు మీదికెళ్లి నిలబడాలి. మంచు తోసే లారీ నడుపుతాడు. ఇంటికొచ్చి సూపు తాగుతూనే గిన్నె మీదికి వాలి నిద్రపోతాడు. మంచి మనిషి, కానీ వసంతం దాకా పనికిరాడు.

కాబట్టి మర్నాడు జీవా బడికి వెళ్లాక నివెస్ అత్త ముందు నిలబడింది. పాల కేంద్రంలో ఆమె పని మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది, పొద్దున ఖాళీయే.

"అత్తయ్యా, నాకు స్కీలు నేర్పండి."

తోంచ్కా పిసుకుతున్న పిండి ముద్ద మీంచి కళ్లెత్తింది. డెబ్బై దాటిన మనిషి, ముక్కు మీదే కోపం. "ఏవిటీ?"

"విన్నారుగా."

"విన్నాలే, మళ్లీ వినాలని అడిగా. ఇన్నేళ్లకి నోరు పెగిలింది తల్లికి." చేతులు తుడుచుకుని నివెస్‌ని పైనుంచి కింద దాకా చూసింది. "ఇష్టం లేదన్నావుగా?"

"ఇష్టం కాదు, భయం."

"అది నాకు తెలుసు. నీకు తెలుసో లేదో అని చూస్తున్నా." అని లేచింది. "పద. ముందు పడటం నేర్పుతా."

నిజంగానే ముందు పడటమే నేర్పింది. ఇంటి వెనక ఆపిల్ చెట్ల మధ్య చిన్న వాలు ఉంది, దాని చివర నేల మళ్లీ కాస్త పైకి లేస్తుంది. ఏమీ చేయకుండా వదిలేసినా మనిషి అక్కడికెళ్లి తనంతట తానే ఆగిపోతాడు. "మొదటిసారి జారేవాడికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆగడం రానివాణ్ణి ఆపేది నేలే" అంది తోంచ్కా. కర్రలు రెండూ లాక్కుని చెట్టుకి ఆనించింది. "ఇవి చేతిలో ఉంటే వాటి మీద వాలతావు. వద్దు. ఇప్పుడు కూలబడు. వెనక్కి కాదు, చెయ్యి కింద ఆనించకు, మణికట్టు పోతుంది. పక్కకి! కొండ ఉన్న పక్కకి! పిర్ర మీద! దేవుడు అంత పిర్ర ఇచ్చింది ఎందుకనుకున్నావ్?"

నివెస్ పడింది. లేచింది. మళ్లీ పడింది. లేవడం పడటంకంటే కష్టమైంది. స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, ఒంటికి దిగువన పెట్టుకుంటేనే లేవగలం, లేకపోతే లేస్తూ లేస్తూనే జారిపోతాం. ఆ సంగతి ఒంటికి అర్థమయ్యేసరికి ఆమె జుట్టులోనూ మెడలోనూ లోదుస్తుల్లోనూ మంచే. తోంచ్కా కంచె మీద కూర్చుని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

స్కీలు గాష్పెర్ అక్కవి, అటక మీద పడున్నవి. వాటినలాగే తొడగనివ్వలేదు ముసలమ్మ. గుట్ట మీదికి మనుషుల్ని తాడుతో లాగే లిఫ్టు నడిపే లొవ్రో దగ్గరికి మోయించింది. లొవ్రో గాష్పెర్‌కి చిన్నాన్న కొడుకు, నోటికి అదుపు లేని మనిషి. బూటుని పట్టుకునే బిగింపు దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి అడిగాడు:

"బరువెంత వదినా?"

"నా బరువు నీకెందుకు?"

"మనిషి బరువుని బట్టే దీన్ని బిగించాలి. పడినప్పుడు స్కీ ఊడిరావాలి, లేకపోతే మోకాలు మెలిపడుతుంది. ఇక్కడ మాత్రం అబద్ధమాడకు. అన్నయ్యకి చెప్పన్లే."

నివెస్ అతని చెవిలో చెప్పింది. లొవ్రో "ఓహో" అన్నాడు. తోంచ్కా చేతిలోని తొడుగుతో వాడి వీపు మీద ఒకటేసింది.

తర్వాత నాగలి. స్కీల ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా, నాగలి ఆకారంలో పెట్టి నెమ్మదిగా దిగడాన్ని మా ఊళ్లో అలాగే అంటారు. పిల్లలకి అది ఆట. నివెస్‌కి గండం. నాగలి వేస్తుంది, వేసిన మరుక్షణం ఒళ్లు వెనక్కి వాలిపోతుంది. వాలిందంటే స్కీల ముక్కులు తేలిపోతాయి, అవి ఎటు పోతే అటే మనిషి. ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు. చివరికి తోంచ్కాకి ఒళ్లు మండింది.

"ఎందుకే వెనక్కి పోతావు? వెనకాల ఎవడైనా పిలుస్తున్నాడా?"

నివెస్ మంచులో కూర్చుని ఆలోచించింది. "పడవలో అంతే కదా అత్తయ్యా. ముందు అల వస్తే వెనక్కి వాలతాం. చిన్నప్పట్నుంచీ నాన్నతో వేటకెళ్లేదాన్ని, ఒంటికి అదే అలవాటు."

ఆ మాట తోంచ్కాకి నచ్చింది. జీవితంలో మోకాలు లోతు దాటి నీళ్లలోకి దిగని మనిషి ఆమె, సముద్రమంటే చచ్చేంత భయం. "ఇది పడవ కాదమ్మా. ఇక్కడ లోయకి మొహం ఇవ్వాలి. దానికి భయపడి వెనక్కి వాలితే అది ఇంకా తొందరగా లాక్కుంటుంది. రా, చేతులిలా ఇవ్వు."

తన స్కీలు తొడుక్కుని, లోయ వైపు వీపు పెట్టి, కోడలి రెండు చేతులూ పట్టుకుని ముసలమ్మ వెనక్కి జారడం మొదలుపెట్టింది. "కాళ్లు చూడకు. నా మొహం చూడు. అందమైనదేం కాదు, అయినా చూడు." నివెస్ చూసింది. చలికి ఎర్రబడ్డ బుగ్గలు, కళ్ల చుట్టూ ముడతలు, ముక్కు చివర నీటిబొట్టు. ఆ మొహం వైపే వంగింది. వంగగానే కాళ్లకింద స్కీలు మాట విన్నాయి. చెట్లు పక్కనుంచి నెమ్మదిగా వెళ్లిపోయాయి. కింద నేల లేచేచోట ఇద్దరూ మెత్తగా ఆగారు. చేతులు వదలడం మాత్రం ఇద్దరికీ కాసేపు గుర్తురాలేదు.

ఆ సాయంత్రం నివెస్ ఒళ్లు హూనమై మెట్లెక్కలేకపోయింది. తోంచ్కా సారాలో ఆర్నికా పూలు నానబెట్టిన సీసా తెచ్చి కోడలి పిక్కలకి పట్టించింది. అప్పుడు చెప్పింది నివెస్, ఎవరికీ చెప్పని సంగతి. బడిలో ఉండగా చలికాలం పిల్లలందరినీ కొండలకి తీసుకెళ్లారు, స్కీలు నేర్పడానికి. కొండ ఊళ్ల పిల్లలు సముద్రం పిల్లల్ని చేపలూ చేపలూ అని ఏడిపించేవాళ్లు. సరదా అని ఇద్దరు ఆడపిల్లలు ఆమెని లిఫ్టెక్కించి కొసకి తీసుకెళ్లి, వాళ్లు మాత్రం జారిపోయారు. పొగమంచులో ఒక్కతే మంచు మీద బోర్లా పడుకుని, కదిలితే జారిపోతానని కదలకుండా ఉండిపోయింది. టీచరు వచ్చి ఎత్తుకుని దింపేసరికి భయానికి బట్టలు తడిసిపోయి ఉన్నాయి, అందరూ చూశారు.

తోంచ్కా చేతులు ఆగిపోయాయి. "వాళ్ల చేతులు విరిగిపోను" అంది. ఆ తర్వాత మళ్లీ పిక్కలు పడుతూ కూర్చుంది. ఇన్నేళ్లూ దెప్పిన దెప్పుళ్లన్నీ గుర్తొచ్చాయి కాబోలు, సీసా మూత పెట్టేటప్పుడు కోడలి చెంప మీద చెయ్యి వేసింది. అంతకుముందెప్పుడూ వేసి ఎరగదు.

అక్కడినుంచి పని జోరందుకుంది. కింద వాలు అయ్యాక చిన్న లిఫ్టు. "కండువా లోపలికి దోపు, తాడులో పడితే మెడకి చుట్టుకుంటుంది. ఆ పలక మీద కూర్చోకు, అది కుర్చీ కాదు, వెనక ఆనించుకుంటే అదే లాగుతుంది. నీ కన్నా దిగువన ఉన్నవాడిదే దారి, వాడికి వెనక కళ్లుండవు, చూసుకోవాల్సింది నువ్వే. ఆగాలనిపిస్తే అంచుకి వచ్చి ఆగు, నట్టనడి వాలులో పెళ్లికూతురిలా నిలబడకు." నివెస్ అన్నీ చెవినిపెట్టింది. లిఫ్టు మీంచి పడింది, కంచెలోకి దూసుకెళ్లింది, ఒకసారి ఫాదరు గారి కుక్కని భయపెట్టింది. కానీ ఒక పొద్దున తిరగడం వచ్చేసింది. ఎలా వచ్చిందో తెలియదు. దిగువ కాలి మీద బరువు వేయగానే స్కీలు తిరిగాయి. ఆమె గట్టిగా అరిచిన అరుపుకి లొవ్రో గుడిసెలోంచి తొంగి చూశాడు.

జీవాకి తెలిసిపోయింది, పిల్లలకి ఏం దాస్తాం. ఓ శనివారం తల్లి వెనకే చిన్న వాలు దిగింది. పిల్లకి ఒంట్లోనే ఉంది ఆ విద్య, తండ్రి రక్తం కదా. అయినా ప్రతి మలుపులోనూ తల్లి పడుతుందేమోనని చూస్తూ, తాను నాగలి మరిచిపోయి తూలేది. "అమ్మా, కొసన మెడ ఉంది కదా, అక్కడ కూడా నీకు వస్తుందా?" అని అడిగింది. మెడ అంటే మేకగుట్ట కొసకి కాస్త దిగువన, రెండు పక్కలా ఫర్ చెట్ల మధ్య ఇరుగ్గా, నిట్టనిలువుగా దిగే ముక్క. అది దాటితే వెడల్పైన భుజం, ఆ తర్వాత అంతా తేలికే.

"వస్తుంది" అంది నివెస్. మంచు మెత్తగా ఉన్న రోజున తోంచ్కాతో కలిసి దాన్ని దిగింది కూడా.

పండుగకి ముందురోజు వాన పడింది. ఫిబ్రవరిలో వాన, ఏం చెప్పమంటారు. తెల్లారేసరికి గడ్డకట్టింది. ఊరంతా అద్దం వేసినట్టు మెరిసింది. లొవ్రో యంత్రంతో కింద వాలంతా గీకి మెత్తబరిచాడు కానీ, మెడ మీద యంత్రానికి పట్టు చిక్కలేదు. వాయిదా వేద్దామని ఎవరూ అనలేదు. మా వాళ్లకి అలాంటి మాట నోటరాదు. స్కీల అంచులు ఇంకాస్త పదును పెట్టుకున్నారు, అంతే.

తల్లులూ పిల్లలూ లిఫ్టు మీద జంటలు జంటలుగా కొసకి చేరారు. ఎవరు ఎప్పుడు దిగాలో చెప్పడానికి లొవ్రో పైనే నిలబడ్డాడు. కింద ఊరు చీమల బారులా కనిపించింది, అకార్డియన్ పలచగా వినిపించింది. మొదట బడి టీచరమ్మ దిగింది. మెడ మీద ఆమె స్కీలు కీచుమని అరిచాయి. వెనక కూతురు సగంలో కాలు తప్పి, గిరగిరా తిరుగుతూ పక్కన రక్షణకి కట్టిన వలలో పడింది. లేచింది. ఏడుస్తూనే మిగతాది దిగింది. కింద అందరూ చప్పట్లు కొట్టారు.

"తర్వాత నివెస్ వదిన!" అని లొవ్రో కేక వేశాడు.

నివెస్ మెడ అంచుకి వచ్చి చూసింది. ఆకుపచ్చగా, గాజులా ఉంది. తన నాగలి దాని మీద పట్టదు. ఆ సంగతి భయం చెప్పలేదు, ఇన్నిరోజులూ పడిలేచిన కాళ్లు చెప్పాయి. పక్కనే జీవా హెల్మెట్ కింద పాలిపోయిన మొహంతో, కింద వాలుని కాదు, తల్లినే చూస్తోంది. నివెస్‌కి నాన్న గుర్తొచ్చాడు. కొండల మీంచి సముద్రం మీదికి విరుచుకుపడే బోరా గాలి లేచిన రోజుల్లో సగం దారిలో పడవ తిప్పేసి, ఖాళీ వలలతో రేవుకి వచ్చేసేవాడు. రేవులో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అందరూ వచ్చి తాడు అందుకునేవాళ్లు.

వంగి తన స్కీలు విప్పేసింది.

"వదినా! ఏం చేస్తున్నావ్?"

"విప్పుతున్నా."

"విప్పడమేంటి! ఊరంతా చూస్తోంది."

"చూడనీ. కళ్లు అందుకే ఉన్నాయి."

"తల్లిజాడంటే జారాలి వదినా, నడవడం కాదు. ఇంతవరకూ ఎవరూ ఇక్కడ విప్పలేదు."

"లొవ్రో, ఇది గాజు. నేను దీని మీద ఆగలేను. నేను ఆగలేని చోటికి నా పిల్లని నా వెనక రమ్మనమంటావా?"

లొవ్రో టోపీ కిందనుంచి తల గోక్కున్నాడు.

నివెస్ కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని చిన్న స్కీల బిగింపులు ఊడదీసింది. ఇక దాచడం అనవసరం. "జీవా, నాకు భయంగా ఉంది" అంది.

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "నిజంగానా?"

"నిజంగానే. కానీ అంతటా కాదు. ఈ ముక్క మీదే. కిందంతా మనిద్దరికీ వచ్చిందే. భయమున్న చోట నడుద్దాం, లేనిచోట జారుదాం. సరేనా?"

జీవా ఆలోచించింది. "నాక్కూడా ఈ ముక్క మీదే" అని చెప్పింది. చెప్పగానే ఆ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

స్కీలన్నీ కట్టగట్టి భుజాన వేసుకుని, చెట్ల అంచున మంచు కాస్త గరుగ్గా ఉన్నచోట నివెస్ దిగువన నడిచింది, బిడ్డ ఎగువన. మడమతో గట్టిగా తన్ని గుంట చేసి, అందులో కాలు నిలిచాక ఇంకో గుంట. "నేను తన్నిన గుంటలోనే పెట్టు. ఆ, అక్కడే." కింద అకార్డియన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఆమెకి చెంపపెట్టులా తగిలింది. మొహం భగ్గుమంది. అత్త పరువు తీశాను, పిల్ల రేపు బడిలో తలెత్తుకోలేదు, అనుకుంటూనే నడిచింది. అనుకుంటూనే తన్నింది. పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు.

మెడ దాటి భుజం మీదికి చేరాక అంచుకి జరిగి, స్కీలు అడ్డంగా పెట్టి పిల్లకి తొడిగి, తనూ తొడుక్కుంది. అప్పుడు పైనుంచి ఏడుపు వినిపించింది. తర్వాతి జంట బ్రీనా, ఆమె కొడుకు ఓజ్బే. బ్రీనా ఆడపిల్లగా ఉన్నప్పుడు పోటీల్లో కప్పులు గెలుచుకొచ్చిన మనిషి, ఇంట్లో అద్దాల బీరువా నిండా అవే. మెడ అంచున ఓజ్బే కాళ్లు తన్నుకుంటూ రానని ఏడుస్తున్నాడు. బ్రీనా ఏదో బుజ్జగిస్తోంది, కసురుతోంది, మళ్లీ బుజ్జగిస్తోంది.

జీవా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఓజ్బే! విప్పేసి రా! భయమైతే నడవొచ్చు! మా అమ్మ గుంటలు చేసింది, అందులో కాళ్లు పెట్టుకుని రా! మా అమ్మే చేసింది!"

గుట్ట కింద ఆఖరి మనిషి దాకా వినిపించింది ఆ కేక. నివెస్ అలాగే నిలబడిపోయింది. మొహం దాచుకుందామనుకున్న పనిని ఈ పిల్ల ఊరంతటికీ చాటుతోంది, కప్పు గెలిచినట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి తొడుగులున్న చేతులు పనికిరాలేదు.

పైన బ్రీనా చాలాసేపు కదల్లేదు. తర్వాత టక్కున బిగింపు ఊడిన చప్పుడు వచ్చింది, ఆ వెనకే ఇంకోటి. కప్పుల బ్రీనా కొడుకు చెయ్యి పట్టుకుని, నివెస్ గుంటల్లో కాలు పెడుతూ మెడ దిగింది.

"పద అమ్మా" అంది జీవా.

నివెస్ లోయకి మొహం ఇచ్చి వంగింది. నాగలి పట్టింది. ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది. వెనక చిన్న స్కీలు బరబరా గీకుతూ తన జాడలోనే వస్తున్నాయి. సగంలో ఒకసారి స్కీ అంచు పట్టు తప్పింది. చెయ్యి ఆనించకుండా, కొండ పక్కకి, పిర్ర మీద మెత్తగా కూలబడింది. వెనక జీవా అంచుకి తప్పుకుని, ఆగి, పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో తల్లి గురించిన బెంగ ఇసుమంత కూడా లేదు. నివెస్ లేచి మిగతాది దిగింది.

కింద అకార్డియన్ వాయించే ముసలాయన, "నడిచి దిగితే తల్లిజాడ కిందకి వస్తుందంటారా?" అని పక్కవాణ్ణి అడిగాడు, అందరికీ వినపడేలాగే. అప్పటిదాకా గుంపులో ఎక్కడుందో తెలియని తోంచ్కా ఒక్క అంగలో అతని ముందుకొచ్చింది.

"నువ్వు వాయించు. కాళ్ల సంగతి కాళ్లున్నవాళ్లు చూసుకుంటారు."

అతను వాయించాడు.

ముసలమ్మ నివెస్ దగ్గరికి వచ్చి మంచులో మోకాళ్ల మీద కూర్చుంది. కోడలి బూటు పట్టీలు ఒక్కొక్కటే వదులు చేయడం మొదలుపెట్టింది. నివెస్ అదిరిపడింది. "అయ్యో అత్తయ్యా, మీరేంటి, లేవండి, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. నువ్వు కాలు కదపకు."

తలగుడ్డ కట్టిన ఆ తల వంగే ఉంది.

"గాష్పెర్‌ని దింపిన రోజు కూడా ఇలాగే గడ్డకట్టింది నివెస్" అంది తోంచ్కా, బూటుకేసే చూస్తూ. "నేనాగలేనని నాకు తెలుసు. వాడు నా కోటు పట్టుకుని వద్దమ్మా, వద్దమ్మా అన్నాడు. తీసుకెళ్లా. ఏమీ కాలేదు, అదృష్టం. నాకు తెలిసినవన్నీ నీకు నేర్పాను కానీ, ఇది నేర్పలేదు. విప్పొచ్చని నాకెవరూ చెప్పలేదే."

నివెస్ వంగి అత్త భుజాలు పట్టుకుని లేవదీసింది. లేచినావిడ చాలాసేపు కోడలి మెడ మీంచి తల ఎత్తలేదు.